పికప్పు దొరగారి కొత్త స్టీరింగు

లోకంలో మగాళ్ళు రకరకాల సింహాసనాలు ఎక్కి కూర్చుంటారు. మన వడ్రంగికి దొరికింది మాత్రం స్ప్రింగులు పైకి పొడుచుకొచ్చిన పాత పికప్పు సీటు. అయినా దాని మీద ఆయన కూర్చునే తీరు చూసి ఊరు ఊరంతా ఆయనకి పికప్పు దొర అని పేరు పెట్టేసింది. పెట్టినవాళ్ళు వెక్కిరింపుగానే పెట్టారు. దొరగారు మాత్రం దాన్ని బిరుదు కిందే పుచ్చుకున్నారు.

ఆ బండి ఆయన పెళ్ళికంటే పదకొండేళ్ళు పెద్దది. ఒకప్పుడు నీలంగా ఉండేదని ఆయన చెప్పాలి, మనం నమ్మాలి. హారను నొక్కితే వైపర్లు కదిలేవి, వైపర్లు వేస్తే ఏమీ కదిలేది కాదు. ఇవన్నీ ఒక ఎత్తు, దాని స్టీరింగు ఒక్కటీ ఒక ఎత్తు.

ఆ చక్రం పెద్ద జల్లెడంత ఉండేది. పావు చుట్టు తిప్పేదాకా దానికి మన మాట వినపడేది కాదు. విన్నాక కూడా ఒప్పుకునేది కాదు. మలుపు వచ్చిందంటే దొరగారు సీట్లోంచి సగం లేచి, కాళ్ళు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బేదాకా లాగేవారు. ఇక్కడ తిప్పిన కబురు ముందు చక్రాలకి చేరేసరికి ఒక్కోసారి ఆ మలుపు కాస్తా దాటిపోయేది. అప్పుడు తరవాతి మలుపులో తిరిగేవారు. ఆయన చేసిన మంచాలు, బీరువాలు రెండు వీధులు ఊరేగి గాని ఏ ఇంటికీ చేరేవి కావు.

ఇంత కష్టపెట్టే బండిని ఇంకెవరైనా అయితే ఎప్పుడో తుక్కు కింద పారేసేవాళ్ళు. దొరగారికి మాత్రం ఆ కష్టమే గొప్ప. ఈ ఊళ్ళో దీన్ని తిప్పగలిగిన మొనగాడు ఇంకొకడు పుట్టలేదని ఆయన నమ్మకం. అది నిజమే. పుట్టినవాడెవడూ ప్రయత్నించలేదు గనక.

ప్రయత్నించింది ఒక్కరే. ఆయన భార్య.

ఆవిణ్ణి ఊళ్ళో అందరూ సరంగమ్మ అంటారు. పడవ నడిపే మనిషిని సరంగు అంటాం కదా, అలా వచ్చిన పేరు. తండ్రి పోయాక ఆయన పడవ తనే పట్టుకుని, ఇరవై రెండేళ్ళ పాటు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి, ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుకి మనుషుల్ని దాటించింది. కిందటేడు నది మీద వంతెన కట్టారు. కట్టిన నాడు అందరూ చప్పట్లు కొట్టారు, ఆవిడ కూడా కొట్టింది. మర్నాటినుంచి పడవ ఎక్కడానికి ఐదుగురు తప్ప ఎవరూ రాలేదు. ఐదుగురి కోసం నడిపితే పడవ మరమ్మతు ఖర్చు కూడా రాదు. పడవని పెరట్లో బోర్లిస్తే దాని కిందకి కోళ్ళు కాపురానికి వచ్చాయి.

ఆ ఐదుగురూ అటు ఒడ్డున కూరగాయలు పండించే ఆడవాళ్ళు. పడవ ఆగాక వాళ్ళ బతుకు ఇంకా కష్టమైంది. పడవ ఎక్కితే సంత గుమ్మంలో దిగేవాళ్ళు, ఇప్పుడు గంపలు నెత్తిన పెట్టుకుని అంత పొడుగు వంతెనా నడవాలి. వాళ్ళలో పెద్దావిడ ఒకరోజు వచ్చి, పడవ నడిపినదానివి బండి నడపలేవా తల్లీ, మమ్మల్నీ మా గంపల్నీ నువ్వే దాటించు అని అడిగింది.

సరంగమ్మకి ఆ మాట మనసులో నాటుకుంది. పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటు లేని మనిషికి ఎవరైనా 'నువ్వే రావాలి' అంటే ఎలా ఉంటుందో పని పోగొట్టుకున్నవాళ్ళకి తెలుస్తుంది. వెంటనే వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అందరూ నెలలో నేర్చుకునే చిన్న కారు ఆవిడకి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ దొరగారు, పాపం ఆ స్కూలు మాస్టారు చిక్కిపోయాడని వీధంతా చెప్పుకుని నవ్వారు. చివరికి లైసెన్సు వచ్చింది. ఇక కావాల్సింది బండి. బండి వాకిట్లోనే ఉంది.

ఎక్కి కూర్చుంది. స్టీరింగు పట్టుకుంది. అది కదల్లేదు. రెండు చేతులా లాగింది. అది ఆవిడకేసి చూడను కూడా లేదు.

ఆ కథ దొరగారు ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో చెప్పారో లెక్క లేదు. మొదటి ఇంట్లో ఆవిడ రెండు చేతులా లాగింది. నాలుగో ఇంటికి వచ్చేసరికి చక్రం పట్టుకుని గబ్బిలంలా వేలాడింది. పదో ఇంట్లో ఆవిణ్ణి కిందకి దించడానికి నిచ్చెన తెచ్చారు.

సరంగమ్మ అన్నీ విన్నది. ఏమీ అనలేదు. ఏమీ అనని ఆడదాన్ని చూసి భయపడాలని దొరగారికి ఎవరూ చెప్పలేదు.

ఇలా ఉండగా ఆయన కుడి భుజం మొరాయించింది. ఎముకల డాక్టరు అటు తిప్పి ఇటు నొక్కి, చిత్రిక పట్టే చేతులు ఇలా చెడవు, ఇంకేం బరువు లాగుతున్నావు అని అడిగాడు. దొరగారు పైకప్పు చూశారు. పక్కనున్న సరంగమ్మ చెప్పింది. డాక్టరు నవ్వకుండా, అయితే ఆ స్టీరింగన్నా మార్చు, భుజమన్నా మార్చు, భుజాలు నా దగ్గర లేవు అన్నాడు.

ఇంటికొచ్చాక మొదలైంది.

"పవర్ స్టీరింగు పెట్టిస్తే వేలితో తిరుగుతుందట," అంది సరంగమ్మ.

"వేలితో తిరిగేదాన్ని స్టీరింగు అనరే. పాతకాలం టెలిఫోను అంటారు."

"మరి భుజం సంగతి?"

"నా భుజానికేం. రాయి."

"పొద్దున దువ్వెన తలదాకా ఎత్తలేక, తలకాయనే దువ్వెన దగ్గరికి తీసుకెళ్ళారు. నేను చూడలేదనుకున్నారా?"

దొరగారు కాదనబోయారు. కాదని ఊపడానికి చెయ్యి లేవలేదు.

ఆయన బెంగ భుజం గురించి కాదు. స్టీరింగు తేలికైతే సరంగమ్మ ఎక్కుతుంది. ఎక్కితే దిగదు. ఐదుగురు గంపల ఆడవాళ్ళు వెనక, ఆవిడ ముందు, తను వాకిట్లో చేతులు కట్టుకుని. తలుచుకుంటేనే ఆయనకి రెండో భుజం కూడా నొప్పి పుట్టింది.

కానీ మలుపులు భుజం మాట వినవు. చివరికి ఒప్పుకుని బండిని మెకానిక్ షెడ్డుకి తోలారు. ఆ మెకానిక్కు సరంగమ్మకి పినతల్లి కొడుకు, దొరగారికి బామ్మర్ది. పేరు ఏదో ఉంది గాని అందరూ అరగంట అంటారు. ఏ పని చెప్పినా అరగంటలో అయిపోతుంది అంటాడు. ఆ అరగంట ఒక్కోసారి సోమవారం మొదలై శనివారానికి పూర్తవుతుంది.

ఈ అరగంట పదహారు రోజులు సాగింది. తుక్కు కొట్లో పడి ఉన్న ఒక వ్యానులోంచి పవర్ స్టీరింగు పెట్టె ఊడబీకి తెచ్చాడు. ఆ పెట్టె అడుగున జానెడు ఇనప చెయ్యి ఒకటి ఉంటుంది. మనం స్టీరింగు తిప్పితే ఆ చెయ్యి ఊగి చక్రాలని తిప్పుతుంది. వ్యానులో ఆ చెయ్యి ముందుకి చూస్తూ ఉండేది. మన పికప్పులో ముందు చోటు లేదు. అందుకని అరగంట దాన్ని వెనక్కి చూసేట్టు బిగించాడు. ముందుకి చూసినా వెనక్కి చూసినా చెయ్యి చెయ్యే కదా అని అతని ధీమా.

దొరగారు ఎక్కి కూర్చుని చిటికెన వేలితో చక్రం తిప్పి చూశారు. వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది. ఆయన మొహంలో సంతోషమూ, బెంగా రెండూ ఒకేసారి కనపడ్డాయి. షెడ్డులోంచి బయటపడాలంటే ఎడమకి తిరగాలి. ఎడమకి తిప్పారు.

బండి కుడికి వెళ్ళింది.

కుడివైపు పాత టైర్ల దొంతర ఉంది. దొరగారు కంగారుపడి ఇంకాస్త ఎడమకి తిప్పారు. బండి ఇంకాస్త కుడికి వెళ్ళింది. టైర్లు ఒక్కొక్కటే దొర్లుకుంటూ వీధిలోకి షికారు వెళ్ళాయి. ఒక టైరు బానెట్ మీద ఎక్కి కూర్చుంది. అరగంట ఆయిలు పీపా మీదకి ఎప్పుడు ఎక్కాడో అతనికే తెలియదు.

అంతా సద్దుమణిగాక కిందకి దిగి, బండి కింద పడుకుని చూసి లేచాడు. చెయ్యి ఎదురు తిరిగి ఉందనీ, అందుకే బండి ఎదురు తిరుగుతోందనీ, ఇక్కడి చోటుకి సరిపడేలా కొత్త చెయ్యి చేయిస్తే సరిపోతుందనీ, అది అరగంట పని అనీ చెప్పాడు.

దొరగారు చక్రం పట్టుకుని అలాగే కూర్చున్నారు. కాసేపటికి ఆయన మొహం మీద నెమ్మదిగా వెలుగు పాకింది.

"ఒరే బామ్మర్దీ. దీన్ని ఇలాగే ఉంచు."

అరగంట ఆయన నెత్తి తడిమి చూశాడు. "టైరు తలకి కూడా తగిలిందా బావా?"

తగల్లేదు. దొరగారు ఎంతో ఓపిగ్గా వివరించారు. బండి వెన్నలా తిరుగుతుంది, భుజానికి హాయి. కానీ ఎడమంటే కుడి, కుడంటే ఎడమ. ఆ కిటుకు తెలిసి చెయ్యి సాధన చేసినవాడికే లొంగుతుంది. అంటే తనకే. ఇంకెవరైనా, ముఖ్యంగా ఇంట్లోవాళ్ళెవరైనా ఎక్కితే, ఒక్క మలుపు తిరిగేసరికి దణ్ణం పెట్టి దిగిపోతారు.

అరగంట చాలా చెప్పి చూశాడు. వినలేదు. చివరికి, చెయ్యి బాగా అలవాటయ్యేదాకా రోడ్డెక్కకూడదని ఒట్టు వేయించుకున్నాడు. దొరగారు బదులుగా, ఈ సంగతి అక్కతో చెప్పనని అతని చేత పానాల పెట్టె మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నారు.

షెడ్డు వెనకే, ఇటుకల బట్టీ మూతపడ్డాక మిగిలిపోయిన నాలుగెకరాల ఖాళీ నేల ఉంది. సాధన అక్కడ. ఇంట్లో మాత్రం, కొత్త స్టీరింగులో ఆయిలు సర్దుకోవాలట, రోజూ పొద్దున గంటసేపు మెల్లగా తిప్పాలట అని చెప్పారు.

సరంగమ్మ గుచ్చి గుచ్చి అడుగుతుందని జవాబులు కూడా సిద్ధం చేసుకున్నారు. ఆవిడ ఒక్కటీ అడగలేదు.

"సర్దుకోనీండి. కొత్త వస్తువు కదా," అంది. మర్నాడు పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసి, చెమట తుడుచుకోవడానికి తువ్వాలు కూడా ఇచ్చి పంపింది. దొరగారికి ఒక్క క్షణం జాలేసింది. ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్నానే అనుకున్నారు. టీ తాగాక ఆ జాలి తగ్గింది.

ఇక ఆ సాధన సంగతి. నాలుగెకరాల నేలలో ఉన్నది ఒకే ఒక్క ఇటుకల గుట్ట. మొదటి రోజు దాన్ని ఏడుసార్లు గుద్దారు. దాన్ని తప్పించుకుందామని తిప్పిన ప్రతిసారీ బండి దాని దగ్గరికే ముద్దుగా వెళ్ళేది. గుట్ట ఆయన్ని వెంటాడుతోందని అరగంటతో అన్నారు కూడా. అక్కడ పడుకునే కుక్కలు మొదటి రోజు పారిపోయాయి. రెండో రోజు గోడెక్కి చూశాయి. నాలుగో రోజుకి సంగతి పట్టేశాయి. దొరగారు ఎటు తిప్పితే అవి సరిగ్గా అటువైపు వెళ్ళి నిశ్చింతగా పడుకునేవి, బండి అక్కడికి రాదని.

వారం గడిచేసరికి గుట్ట చుట్టూ గుండ్రంగా తిప్పగలిగారు. రెండో వారానికి వెనక్కి కూడా. మూడో వారానికి చిటికెన వేలు చాలింది. ఆలోచించకుండానే చెయ్యి అటు పోవలసింది ఇటు పోతోంది.

చిక్కేమిటంటే, ఆ చెయ్యి బండి దిగాక కూడా అలాగే పోతోంది.

స్నానాలగది కుళాయి కట్టేశాననుకుని పూర్తిగా తెరిచి వచ్చారు. వంటింటిదాకా నీళ్ళు వచ్చాయి. ఒక ఇంట్లో బీరువా తలుపుకి మరలు బిగిస్తున్నాననుకుని అన్నీ విప్పేశారు. తలుపు వచ్చి ఇంటాయన కాలిని పలకరించింది. ఒక సాయంత్రం వీధిలోంచి ఇంటివైపు తిరగబోయి ఎదురింట్లోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని టీ ఏదీ అని అడిగారు. ఎదురింటావిడ మర్యాదస్థురాలు. ఇచ్చింది.

సరంగమ్మ నీళ్ళు తుడిచింది, మరలు ఏరింది, ఎదురింటికి వెళ్ళి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "మీ సాధన బాగా సాగుతున్నట్టుందే," అంది.

"ఏం సాధన?" దొరగారు ఉలిక్కిపడ్డారు.

"అదే, ఆయిలు సర్దే సాధన. ఇంకో నాలుగు రోజులు వెళ్ళిరండి. నాకేం తొందర లేదు."

నాలుగు రోజులు కూడా అయ్యాక దొరగారు బండిని ఇంటికి తెచ్చారు. వీధి మలుపు దగ్గర కుడికి తిప్పి ఎడమకి తిరుగుతుంటే ఆయనకే ఆయన మీద గౌరవం కలిగింది. అంతటితో ఊరుకుంటే మనకి కథే లేదు. భార్య రహస్యంగా ఓడిపోతే ఏం సరదా? నలుగురిలో ఓడిపోవాలి. అలా అయితే మళ్ళీ ఆ స్టీరింగు మాట ఎత్తదు.

ఆ బుధవారం పొద్దున్న వీధివాళ్ళందరినీ పిలిచారు. గంపల ఆడవాళ్ళు ఐదుగురికీ కబురు పంపారు. వాళ్ళు సంత మానుకుని వచ్చి అరుగు మీద వరసగా కూర్చున్నారు. దొరగారు బండి మెట్టెక్కి నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చారు. తన భార్య చిరకాల కోరిక తీర్చడానికే, భుజం వంకతో ఈ స్టీరింగు మార్పించాననీ, ఇప్పుడు చంటిపాప కూడా తిప్పవచ్చనీ చెప్పారు. ఆవిడ బండిని సంత దాకా తీసుకెళ్తే ఆ రోజునుంచి బండి ఆవిడదే. వెళ్ళలేకపోతే ఇంట్లో ఇక ఆ ప్రసక్తి రాకూడదు.

"ఇంతమంది ముందు అన్నారు. మాట మీద నిలబడతారా?" అంది సరంగమ్మ.

"నిలబడ్డాను కనపడటంలా?"

ఆవిడ చీర కొంగు నడుముకి బిగించి ఎక్కింది. దొరగారు పక్క సీట్లో కూర్చుని, ఒక చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద సిద్ధంగా పెట్టుకున్నారు. ఆయన దయగల మనిషి. భార్య ఓడిపోవాలనుకున్నారు గాని గోడకి కొట్టుకోవాలనుకోలేదు.

బండి కదిలింది. వీధి చివర ఎడమకి మలుపు. దొరగారు బ్రేకు మీద వేళ్ళు బిగించి, కళ్ళు సగం మూసుకున్నారు.

సరంగమ్మ స్టీరింగుని కుడికి తోసింది. బండి ఎడమకి తిరిగింది. గోడకి జానెడు దూరంలో, గీత గీసినట్టు.

దొరగారు కళ్ళు పూర్తిగా తెరిచారు. పొరపాటున కుదిరిందేమో అనుకున్నారు. తరవాతి మలుపు కుడికి. ఆవిడ ఎడమకి తోసింది. ఎదురుగా సిమెంటు బస్తాల లారీ వచ్చింది. దొరగారికి సాధన అంతా ఎగిరిపోయి, ఎడమ అని అరిచి, కాదు కుడి అని సరిదిద్ది, మళ్ళీ ఎడమే అని, చివరికి దేవుణ్ణి పిలిచారు. సరంగమ్మ లారీని దాటించి, సైకిలాయనకి దారిచ్చి, రోడ్డు మధ్య గుంటని కూడా తప్పించింది.

"కాస్త నోరు మూసుకుని కూర్చోండి. పడవలో అయితే ఇలా గోల చేసేవాళ్ళని నది మధ్యలో దింపేదాన్ని."

"అది కాదే. నీకెలా తెలుసు? దీనికి ఎడమంటే..."

"పడవ వెనక చుక్కాని కర్ర ఉంటుంది. దాన్ని కుడికి తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది. ఎడమకి తోస్తే కుడికి. ఇరవై రెండేళ్ళు చేసిన పని అది. మీరు నా పడవ ఎక్కినప్పుడల్లా, కళ్ళు తిరుగుతాయని ముందు కొసన కూర్చుని కళ్ళు మూసుకునేవారు. పెళ్ళాం వెనక ఏం చేస్తోందో ఒక్కసారైనా తిరిగి చూస్తే కదా."

దొరగారు అప్పుడు కూడా కళ్ళు మూసుకున్నారు. కారణం వేరు.

సంత ముందు బండి ఆపి, అక్కడివాళ్ళందరికీ కనపడేలా ఒకసారి గుండ్రంగా తిప్పింది సరంగమ్మ. తరవాత ఇంటికి కాకుండా తిన్నగా మెకానిక్ షెడ్డుకి పోనిచ్చింది. అరగంట గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చేతిలో తళతళలాడే కొత్త ఇనప చెయ్యి ఉంది.

"ఇది ఎప్పుడు చేయించావురా?" అన్నారు దొరగారు.

"నాలుగు వారాలయింది బావా. నువ్వు టైర్లు గుద్దిన రోజు సాయంత్రమే అక్కకి చెప్పేశాను. పానాలు నాతో అబద్ధం ఆడలేవు, నేను అక్కతో ఆడలేను."

దొరగారు భార్య వైపు తిరిగారు. అంటే, వేరే వైపు తిరిగి, తరవాత భార్య వైపు తిరిగారు. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావు? టీ కూడా పోసిచ్చి పంపావు."

ఆవిడ అరగంట వైపు తిరిగి, ముందు దీన్ని సరిచెయ్యి తమ్ముడూ అంది. తనకి ఎటైనా ఒకటే గాని, వెనక ఐదుగురు ఆడవాళ్ళు కూర్చునే బండి ఇది, రేపు తనకి జ్వరం వచ్చి ఇంకెవరైనా నడపవలసి వస్తే వాళ్ళ ప్రాణాలతో పరాచికాలా అంది. ఆ మాటకి దొరగారు తల దించుకున్నారు. అది ఆయనకి తట్టలేదు. తట్టనందుకు నిజంగానే సిగ్గుపడ్డారు.

అరగంట పని మొదలుపెట్టాడు. అతని జీవితంలో మొదటిసారి అది అరగంటలోనే అయిపోయింది. ముగ్గురూ కాసేపు గడియారం కేసి చూశారు.

ఇప్పుడు ఎడమకి తిప్పితే ఎడమకి, కుడికి తిప్పితే కుడికి. వేలితో. లోకంలో అన్ని బండ్లలాగే.

"బండి నాదన్నారు, సరే. కానీ ఈ ఒక్కసారి ఇంటిదాకా మీరే నడపండి. నలుగురిలో మీకూ మర్యాదగా ఉంటుంది," అంది సరంగమ్మ ఎంతో నెమ్మదిగా.

దొరగారి ప్రాణం లేచి వచ్చింది. మహారాణి అనుకున్నారు మనసులో. ఎక్కి కూర్చుని, మీసం సవరించుకుని, షెడ్డులోంచి బయటికి, అంటే ఎడమకి, బండి పోనిచ్చారు. ఆయన చెయ్యి, నెలరోజులుగా తర్ఫీదైన ఆ చెయ్యి, ఆలోచించకుండా కుడికి తిప్పింది.

టైర్లు మళ్ళీ షికారు బయల్దేరాయి.

వెనక్కి తీసుకుని, ఊపిరి పీల్చి, ఈసారి బాగా ఆలోచించి తిప్పారు. ఆలోచన ఎడమ అంటోంది, చెయ్యి కుడి అంటోంది. రెండూ రాజీపడి బండిని తిన్నగా ఆయిలు పీపా మీదకి తీసుకెళ్ళాయి. మూడోసారి అరగంట షెడ్డు స్తంభాన్ని కౌగిలించుకుని, బావా ఇది మా నాన్న పాతింది అన్నాడు. దొరగారు ఇంజను ఆపేశారు.

సరంగమ్మ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"డ్రైవింగ్ స్కూల్లో నాకు మూడు నెలలు ఎందుకు పట్టిందనుకున్నారు? చెయ్యి ఒకసారి అటు అలవాటు పడితే ఇటు రావడానికి అంత కాలం పడుతుంది. ఆ మాస్టారు రోజూ ఎక్కేముందు వాళ్ళావిడకి ఫోను చేసి పిల్లలు జాగ్రత్త అని చెప్పేవాడు. మీరు దాని గురించి వీధంతా నవ్వారు కదా."

"అంటే... కావాలనే..."

"నేనేం చేశాను? టీ ఇచ్చాను, తువ్వాలు ఇచ్చాను. బాగా నేర్చుకోమన్నాను. మీరు బాగా నేర్చుకున్నారు."

దొరగారు చక్రం మీద రెండు చేతులూ అలాగే ఉంచి, వాటిని పరాయివాళ్ళ చేతుల్లా చూసుకున్నారు. తరవాత మెల్లగా పక్క సీట్లోకి జరిగారు. తలుపు తీసుకుని దిగడానికి కూడా ధైర్యం చాల్లేదు, ఆ పిడి ఎటు తిప్పాలో ఆయనకి గట్టిగా తెలియదు.

మర్నాటినుంచి సరంగమ్మకి మళ్ళీ పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటు దొరికింది. అటు ఒడ్డుకి వెళ్ళి ఐదుగురినీ, వాళ్ళ గంపలనీ ఎక్కించుకుని సంతలో దింపుతుంది. సాయంత్రం ఖాళీ గంపలతో తిరిగి దాటిస్తుంది. నెల తిరిగేసరికి ఐదుగురు తొమ్మిదిమంది అయ్యారు. దొరగారు కూడా వెళ్తారు. భుజం నయమయ్యేదాకా ఇంట్లో ఏం తోస్తుంది అని ఆయనే అన్నారు. ఆడవాళ్ళు ఆయన్ని గంపలు ఎత్తనివ్వరు, దించనివ్వరు. పక్క సీట్లో కూర్చుని దారిలో కనపడ్డవాళ్ళందరికీ, నేనే నేర్పాను అని చెప్తూ ఉంటారు. సరంగమ్మ కాదనదు. నవ్వితే మలుపు తప్పుతుందని నవ్వు ఆపుకుంటుంది.

ఇటుకల నేలలో ఆయన సాధన మళ్ళీ మొదలైంది, ఈసారి తిరగేసి. కుక్కలు పాపం పాత లెక్కలోనే పడుకుని, రెండు రోజులు చాలా ఇబ్బంది పడ్డాయి.

ఒక ఉదయం వంతెన మొదట్లో బండి ఆగింది. వెనక గంపల మధ్య తొమ్మిదిమందీ ఏమైందని మెడలు సాచారు. దొరగారు ఏమీ అడగలేదు. ఆయన కొన్నాళ్ళుగా ఏమీ అడగడం లేదు, స్టీరింగు కేసి మాత్రం పిల్లి పాలగిన్నె కేసి చూసినట్టు చూస్తున్నారు. అది సరంగమ్మ చూస్తూనే ఉంది.

"ఏమండీ. ఈ వంతెన మీద మలుపుల్లేవు," అంది ముందుకి చూస్తూ. "ఆ చివరిదాకా మీరు నడుపుతారా?"

దొరగారు వెంటనే దిగి, చుట్టూ తిరిగి వచ్చి, సరంగమ్మ పక్క సీట్లోకి జరిగాక ఎక్కారు. చక్రాన్ని రెండు చేతులా పట్టుకున్నారు. అటూ ఇటూ వెంట్రుకవాసి కదపలేదు. ఛాతీ విరుచుకుని, నడిచేవాళ్ళందరికీ తల పంకిస్తూ, వంతెన మీద బండిని సూటిగా పోనిచ్చారు. నది కింద మెల్లగా పోతోంది. వెనక ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. గంపల పెద్దావిడ, ఇవాళ కాస్త నెమ్మదిగా పోతోందేం తల్లీ అంది. పోనీలే పెద్దమ్మా, ఇవాళ తొందరేం లేదు అంది సరంగమ్మ.

వంతెన చివర మలుపు కనపడింది. ఎవరూ చెప్పకుండానే దొరగారు బండిని ఓ పక్కగా ఆపి, దిగి, మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి పక్క సీటు తలుపు దగ్గర నిలబడ్డారు.